తరంగంబాడి వెళ్తున్న అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. పొద్దున్నే చిదంబరం, మధ్యాహ్నం దారిలో డెన్మార్క్ వాళ్ల పాత కోట ఉన్న తరంగంబాడి, చీకటి పడేలోగా వేళాంగణ్ణి. ‘కోట చూడ్డానికి గంట చాలు కదా పెదనాన్నా’ అని అడిగావు. కోటకి గంట ఎక్కువే, అరగంటలో అయిపోతుంది. ఊరికి మాత్రం ఒక సాయంత్రం, మర్నాడు ఒక పొద్దుట కావాలి. ఇదే ఫోన్లో చెబితే ‘సరే సరే’ అనేసి మళ్లీ నీ ప్లాన్ ప్రకారమే వెళ్తావని నాకు తెలుసు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

యానాం నుంచి కారైకాల్‌కి బదిలీ అయినప్పుడు నాలుగేళ్లు అక్కడ ఉన్నాను కదా. తరంగంబాడి అక్కణ్నుంచి బస్సులో అరగంట. మొదటిసారి మీ పెద్దమ్మని తీసుకెళ్లిన రోజు కోట మూసి ఉంది. వారపు సెలవు ఎప్పుడో కనుక్కోకుండా బయల్దేరాను. ‘తాళం కప్ప చూపించడానికి తీసుకొచ్చారా’ అంది ఆవిడ. ఎండలో ఏం చెయ్యాలో తోచక వీధుల్లో పడ్డాం. ఒక పాత ఇంటి అరుగు మీద నీడ కనిపిస్తే కూలబడ్డాం. నున్నగా అరిగిపోయిన అరుగు, రెండు చెక్క స్తంభాలు, స్తంభం మొదట్లో రాయి. లోపలి నుంచి ఒక పెద్దాయన వచ్చి, మమ్మల్ని లేవమనకుండా చెంబుతో నీళ్లు ఇచ్చి పక్కన కూర్చున్నాడు. నా అరకొర తమిళంతో గంటసేపు మాట్లాడుకున్నాం. కోట తెరిచి ఉంటే ఆ రోజు నేను ఆ ఊరు చూసేవాణ్ణి కాదు. కాబట్టి నువ్వు వెళ్లే ముందు సెలవు రోజు కనుక్కో. కనుక్కున్నా సరే, కోట దగ్గర మొదలుపెట్టకు.

కారుని ఊరి బయట గేటు దగ్గరే ఆపించు. డ్రైవర్ వింటాడో లేదో, తిన్నగా సముద్రం దాకా తీసుకెళ్లి దింపాలనే చూస్తాడు. వద్దను. తెల్లటి గేటు, పైన డెన్మార్క్ రాజుగారి ముద్ర, 1792 నాటిది. ఒకప్పుడు ఈ ఊరి చుట్టూ గోడ ఉండేది. పడమటి నుంచి వచ్చే బండ్లూ మనుషులూ ఇటే లోపలికి రావాలి. గోడ చాలామటుకు పోయింది, గేటు మిగిలింది. అక్కణ్నుంచి సముద్రం దాకా నిటారుగా పోయే వీధి రాజవీధి, వాళ్ల భాషలో ‘కోంగెన్స్‌గేడ్’. తాపీగా నడిచినా పావుగంట. పిల్లలు దారంతా పరుగెత్తుతారు, పరుగెత్తనీ. బండ్లు తక్కువే.

నడుస్తూ ఉంటే ఇది ఎంత చిన్న ఊరో తెలుస్తుంది. మద్రాసు కోటలా, గోవాలా ఊహించుకుని వెళ్తే ఉసూరుమంటావు. ఇది ఎప్పుడూ పెద్దది కాలేదు. డెన్మార్క్ అనే ఒక చిన్న రాజ్యం, పెద్దవాళ్ల ఆటలో తానూ ఒక చెయ్యి వేద్దామని వచ్చి, అడుగడుగునా తడబడుతూ 225 ఏళ్లు అలాగే వేలాడింది. ఆ తడబాటే నాకు నచ్చింది. గెలిచినవాళ్ల కోటలు చాలా చూశాను, అన్నీ ఒక్కలాగే మాట్లాడతాయి.

కథ మొదలే తప్పటడుగు. 1616లో డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్ వర్తక కంపెనీ పెట్టించాడు. 1618లో ఓవె జెడ్డె అనే కుర్రాణ్ణి, పాతికేళ్లు కూడా నిండలేదు, నౌకాదళానికి పెద్దని చేసి సింహళానికి పంపాడు. దారిలోనే చాలామంది రోగాలతో పోయారు, సింహళంలో అనుకున్నది కుదరలేదు. ముందుగా వచ్చిన ఓడని పోర్చుగీసువాళ్లు కారైకాల్ దగ్గర ముంచేశారు. అందులో ఉన్న రోలాండ్ క్రాపె అనే డచ్చివాడు ప్రాణాలతో బయటపడి తంజావూరు రాజు దగ్గరికి చేరాడు. మునిగిన ఓడవాడు చేసిన రాయబారం ఫలించి, 1620లో ఈ చేపల పల్లె డేన్లకి, అంటే డెన్మార్క్ వాళ్లకి, దక్కింది.

ఆ రాజు ఎవరో తెలుసా? మన రఘునాథ నాయకుడు! తానే తెలుగులో కావ్యాలు రాసినవాడు, వీణ మీద ప్రాణం పెట్టినవాడు. పిల్లలకి ఈ మాట తప్పకుండా చెప్పు. అయితే ‘మన తెలుగు రాజు తెల్లవాళ్లకి ఊరు ధారపోశాడు’ అని మీ ఆయన వాట్సాప్‌లో పెట్టకుండా చూసుకో. పక్కనే నాగపట్నంలో పోర్చుగీసువాళ్లు పాతుకుపోయి ఉన్నారు. సరుకు కొనేవాడు ఒక్కడే అయితే ధర వాడు చెప్పిందే. ఇంకొకణ్ణి తెచ్చి పక్కన కూర్చోబెడితే రాజుకి లాభమే, పైగా ఏటా కప్పం వస్తుంది. డేన్లు ఇక్కడ అద్దెకున్నవాళ్లన్నమాట. రఘునాథుడు డెన్మార్క్ రాజుకి తమిళంలో రాయించిన బంగారు రేకు ఉత్తరం ఇప్పటికీ కోపెన్‌హాగన్‌లో ఉంది.

రాజవీధిలోనే రెండు చర్చిలు కనిపిస్తాయి. పైపైన చూసి వదిలేయకు. 1701 నాటి జయన్ చర్చి డేన్లు తమ కోసం కట్టుకున్నది. న్యూ జెరూసలేం చర్చి 1718 నాటిది, ఇక్కడి తమిళులతో కలిసి ప్రార్థన చేసిన జీగెన్‌బాల్గ్ కట్టించినది. ఇతను జర్మన్ మత ప్రచారకుడు. డెన్మార్క్ రాజు పంపితే 1706 జులై 9న ఇక్కడ దిగాడు, మర్నాటికి ఇరవై నాలుగేళ్లు నిండాయి. పంపింది రాజే అయినా కోటలో ఉన్న గవర్నర్‌కి ఇతనంటే పడలేదు. వ్యాపారం చేసుకునే చోట ఈ గొడవేమిటని 1708లో పట్టుకెళ్లి అదే కోటలో నాలుగు నెలలు పెట్టాడు. బయటికి వచ్చి మళ్లీ పని మొదలుపెట్టాడు. అచ్చుయంత్రం తెప్పించాడు, తమిళ అక్షరాలు పోత పోయించారు. 1715కల్లా బైబిల్లోని కొత్త నిబంధన తమిళంలో అచ్చయింది. ముప్పై ఆరేళ్లకే పోయాడు, చర్చి కట్టి ఏడాది కూడా కాలేదు. సమాధి ఆ చర్చిలోనే ఉంది. పూజారులో పాస్టర్లో ఎవరైనా ఉంటే అడిగి, చెప్పులు విడిచి లోపలికి వెళ్లు.

ఇక్కడ మనకి ఇంకో చుట్టరికం ఉంది. జీగెన్‌బాల్గ్ పోయిన ఏడాదే, అంటే 1719లో, బెంజమిన్ షుల్జ్ అనే ఇంకొకాయన ఈ ఊరొచ్చాడు. తోటివాళ్లతో సరిపడక మద్రాసు చేరి, అక్కడ తెలుగు నేర్చుకుని, చివరికి జర్మనీలోని హాలె నగరానికి తిరిగి వెళ్లి 1746లో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. మన అక్షరాలు పుస్తకంగా అచ్చయింది అదే మొదలు. నువ్వు ఈ ఉత్తరం చదువుతున్నావంటే ఆ దారి కొంత ఈ వీధి గుండా వెళ్లిందన్నమాట. నేను ఆ సంగతి తెలుసుకున్నది కారైకాల్ వదిలి వచ్చేశాక. తెలిసుంటే ఆ చర్చి మెట్ల మీద ఇంకాసేపు కూర్చునేవాణ్ణి.

ఇప్పుడు కోట. వీధి చివర పెద్ద మైదానం, దాని అంచున సముద్రం, మధ్యలో డాన్స్‌బోర్గ్. ఒకప్పుడు చుట్టూ కందకం, ఎత్తి దించే వంతెన ఉండేవి. లోపల కింది అంతస్తులో సరుకు, మందుగుండు, ఖైదు. పైన గవర్నరూ పెద్ద వర్తకులూ చర్చి గురువూ కాపురం. ఎండకి కమాను గదుల్లోకి వెళ్తే ఒక్కసారిగా చల్లబడుతుంది. గోడ మీద చెయ్యి పెట్టి చూడు, ఉప్పు గాలికి సున్నం పొడిలా అరచేతికి అంటుకుంటుంది. మ్యూజియం చిన్నది. పింగాణీ ముక్కలూ నాణేలూ చూసి పిల్లలు ఐదు నిమిషాల్లో విసుక్కుంటారు.

అప్పుడు వాళ్లని పైకి తీసుకెళ్లి సముద్రం వైపు నిలబెట్టి ఒక కథ చెప్పు. మా ఆఫీసు వాళ్ల పిల్లలకి నేను చెప్పేవాణ్ణి, ఎప్పుడూ పారింది. డెన్మార్క్‌లో యుద్ధాలు వచ్చాయి, ఖజానా ఖాళీ అయింది. 1639 తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు అక్కణ్నుంచి ఇటువైపు ఒక్క ఓడా బయలుదేరలేదు. 1650లో కంపెనీనే ఎత్తేశారు. ఇక్కడున్నవాళ్లకి జీతం లేదు, ఉత్తరం లేదు. కొందరు పోయారు, కొందరు వెళ్లిపోయారు. 1655 నాటికి కోట ఎస్కిల్ ఆండర్సన్ కోంగ్స్‌బాకే అనే సామాన్యుడి చేతికొచ్చింది. మిగిలింది అతనే మరి. చదవడం, రాయడం రాదు. జీతానికి పెట్టుకున్న ఇక్కడివాళ్లతో కోట కాచాడు. బంగాళాఖాతంలో వచ్చీపోయే ఓడలని పట్టుకుని ఆ సొత్తుతో నెట్టుకొచ్చాడు. అది శుద్ధ దోపిడీ, పిల్లలకి అది కూడా చెప్పు, వీరుణ్ణి చెయ్యకు. తంజావూరు సేన ముట్టడిస్తే తట్టుకున్నాడు, ఊరి చుట్టూ గోడ కట్టించాడు. 1669లో ‘ఫారో’ అనే ఓడ వచ్చేసరికి కోట మీద డెన్మార్క్ జెండా అలాగే ఎగురుతోందట. ‘రోజూ ఇక్కడ నిలబడి సముద్రం చూసేవాడా తాతయ్యా’ అని ఒక పిల్ల అడిగింది. చూసే ఉంటాడు అన్నాను.

ఆ తర్వాతి కథ త్వరగా అయిపోతుంది. మధ్యలో రెండుసార్లు ఇంగ్లీషువాళ్లు ఆక్రమించి తిరిగిచ్చారు. 1845లో డేన్లు దీన్నీ బెంగాల్లోని సిరాంపూర్‌నీ కలిపి 12.5 లక్షల రూపాయలకి ఇంగ్లీషు కంపెనీకి అమ్ముకున్నారు. కొన్నవాళ్లు కార్యాలయాలని నాగపట్నం తీసుకుపోయారు, వ్యాపారమూ అటే పోయింది. ఊరు ఎదగడం ఆగిపోయింది కాబట్టే పాత ఇళ్లు మిగిలాయి. మన కళ్లకి అందం, అక్కడివాళ్లకి చేతినిండా పని లేకపోవడం.

కోట అయ్యాక ఆ రాత్రికి అక్కడే ఉండండి. మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులన్నావు కదా, మెట్లు లేని గది ముందే అడుగు. తిండికి పెద్దగా ఏమీ దొరకదు. పిల్లలకి ఏదైనా పట్టుకెళ్లు, నీళ్లు మర్చిపోకు.

మర్నాడు సూర్యుడు లేచే వేళకి తీరంలోని మాసిలామణినాథర్ గుడికి వెళ్లు. 1306లో మారవర్మన్ కులశేఖర పాండ్యుడి కాలం నాటిది, డేన్లకి మూడువందల ఏళ్ల ముందే ఊరుందనడానికి సాక్ష్యం. అక్కడి శాసనంలో ఊరి పేరు సడంగన్‌పాడి. నేను కూడా ఏళ్ల తరబడి ‘తరంగంబాడి అంటే అలలు పాడే చోటు’ అని అందరికీ కవిత్వం చెప్పాను. ఆ అరుగు ఇంటి పెద్దాయన నవ్వి, ‘సార్, అది తర్వాత అతికించిన అర్థం’ అన్నాడు. సిగ్గేసింది కానీ, అక్కడ నిలబడితే అలల పాట వినపడుతుందన్నది అబద్ధం కాదు. పాత గుడిలో చాలా భాగం సముద్రం మింగేసింది, మిగిలిన దాన్ని బాగు చేశారు.

ఒడ్డంతా పెద్ద పెద్ద బండరాళ్లు పేర్చి ఉంటాయి. పిల్లల్ని వాటి మీద ఎక్కనివ్వకు, జారతాయి. స్నానాల సముద్రం కాదది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు కోట నిలబడింది, పక్కనే ఉన్న జాలరి పేటలో వందలమంది పోయారు. వల బాగుచేసుకుంటున్న వాళ్ల దగ్గరికి వెళ్లి ‘ఆ రోజు ఏం జరిగింది’ అని అడగకు. మొదటి రోజుల్లో నేను అడిగాను. ఒకాయన జవాబివ్వలేదు, వల మీంచి కళ్లెత్తలేదు, ముడి వేస్తున్న చెయ్యి మాత్రం ఆగింది. ఆ తర్వాత ఎవర్నీ అడగలేదు. వాళ్లంతట వాళ్లు చెబితే విను. లేకపోతే ఈ రోజు ఏ చేప పడిందని అడుగు, సంతోషంగా చెబుతారు.

వెనక్కి వచ్చేటప్పుడు రాజవీధి వదిలి పక్క వీధుల గుండా రా. కంసాలి వీధిలో పాత ఇళ్లు బాగుచేశారు. ఆ అరుగు ఉన్న ఇల్లు ఏ వీధో పేరు గుర్తులేదు, చూస్తే గుర్తుపడతాను. పెద్దాయన ఉన్నాడో లేడో కూడా తెలియదు. గేటు దగ్గర దిగగానే నాకు వీడియో కాల్ చెయ్యి, మీ పెద్దమ్మ కూడా పక్కనే ఉంటుంది. ఎటు తిరగాలో ఇద్దరం చూసి చెబుతాం.

ఇట్లు,
పెదనాన్న