పాత పెంటియం క్రెడిట్ కార్డు మీద, కొత్త కోర్సు ఈఎంఐ మీద!

ప్రశ్న: నా వయసు 29. సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) దగ్గర కంప్యూటర్ సర్వీస్ షాపులో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. మొత్తం అయిదుగురం. జీతం 24 వేలు. అమ్మా నేనూ ఉంటాం. అద్దెతో కలిపి నెలకు 17 వేలు ఖర్చు. బ్యాంకులో 31 వేలున్నాయి. నాన్న తెనాలిలో డీటీపీ సెంటర్ నడిపేవారు. ఆయన పోయాక సిస్టమ్స్ అన్నీ అమ్మేశాం. ఆ జ్ఞాపకంతో ఈమధ్య ఒక పెంటియం 3 సిస్టమ్, సీఆర్‌టీ మానిటర్, వూడూ 3 గ్రాఫిక్స్ కార్డు, పాత టీవీఎస్ గోల్డ్ కీబోర్డు కొన్నాను. క్రెడిట్ కార్డులో 38 వేలు బాకీ ఉంది, మినిమం డ్యూ కడుతున్నాను. ఇలాంటి వాటి రేటు పెరుగుతోంది కాబట్టి పెట్టుబడే అనుకుంటున్నాను. ఇప్పుడు అమీర్‌పేటలో ఎ ప్లస్ (కంప్యూటర్ రిపేరు), నెట్‌వర్క్ ప్లస్, సీసీఎన్‌ఏ (రెండూ నెట్‌వర్కింగ్) సర్టిఫికెట్లు మూడింటికీ కోచింగ్ 95 వేలంటున్నారు. వడ్డీ లేకుండా 18 నెలల ఈఎంఐ. ఒకేసారి కడితే 78 వేలు. ఎ ప్లస్ ఒక్కసారి పాసైతే జీవితాంతం చెల్లుతుందని మా ఓనర్ అంటున్నారు. ఈఎంఐకి వెళ్లాలా, అమ్మ గొలుసు తాకట్టు పెట్టి ఒకేసారి కట్టాలా?

జవాబు: రెండూ వద్దు. చదువు కోసం చేసే అప్పు మంచి అప్పే కదా అన్న ధీమాతో నాకు ఉత్తరాలు రాసేవాళ్లు చాలామంది. వాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటే మీరూ చేయబోతున్నారు. అందుకే కాస్త గట్టిగానే చెబుతాను.

మీ లెక్కే చూడండి. జీతంలో ఖర్చులు పోగా మిగిలేది 7,000. కార్డు మినిమం డ్యూ 1,900 ఉంటుంది. కోర్సు ఈఎంఐ 5,278. కలిపితే 7,178. అంటే మొదటి నెలలోనే 178 రూపాయలు తక్కువ పడ్డాయి. ఇంకా పండగ రాలేదు, ఎవరికీ జ్వరం రాలేదు, బండి రిపేరుకు రాలేదు. ఆ లోటుకు మళ్లీ కార్డే గీకుతారు. ఇంకో మాట: ఆ 95 వేలు కోచింగ్‌కు మాత్రమే అయితే, పరీక్ష ఫీజులు వేరే ఉంటాయి. అడిగారా?

కార్డు సంగతి. నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 38 వేల మీద 1,330, దాని మీద జీఎస్టీ 239. మీరు కట్టే 1,900లో అసలుకు జమయ్యేది 331 రూపాయలే. మినిమం కడుతున్నాను కదా అని నిశ్చింతగా ఉండటానికి ఇదా లెక్క?

ఇక 'వడ్డీ లేని' ఈఎంఐ. నగదుకు 78 వేలు, వాయిదాలకు 95 వేలు అన్నప్పుడే వడ్డీ ఎంతో వాళ్ల నోటితో వాళ్లే చెప్పేశారు. లెక్కగడితే ఏడాదికి సుమారు 26 శాతం! సున్నా శాతం వడ్డీ అనేదే లేదని, అది ఏదో ఒక రూపంలో కస్టమర్ నెత్తినే పడుతుందని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులను హెచ్చరించింది. పైగా ఇలాంటి ఈఎంఐలు మామూలుగా ఇన్‌స్టిట్యూట్ సొంతంగా ఇచ్చేవి కావు. వెనక ఒక ఫైనాన్స్ కంపెనీ ఉంటుంది, లోన్ మీ పాన్ మీద ఉంటుంది. డబ్బు నేరుగా ఇన్‌స్టిట్యూట్‌కు వెళుతుంది. సార్ క్లాసు చెప్పడం మానేసినా, బోర్డు తిప్పేసినా మీ ఈఎంఐ మాత్రం ఆగదు. గొలుసు జోలికి అసలు వెళ్లొద్దు. మీ ఇంట్లో ఆఖరి ఆసరా అదొక్కటే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రేపు మీ ఓనర్ షాపు మూసేస్తే పరిస్థితి ఏమిటి? అది జరగని పనేం కాదు. ర్యామ్ కూడా బోర్డుకే అతికించేసిన ల్యాప్‌టాప్‌లు వచ్చాక రిపేరు షాపుల గిరాకీ ఎలా ఉందో నాకన్నా మీకే బాగా తెలుసు. లేదా మీ చేయి విరిగి రెండు నెలలు స్క్రూడ్రైవర్ పట్టుకోలేకపోతే? అయిదుగురున్న షాపుకు ఈఎస్ఐ ఉండదు. ఉన్నా 21 వేలు దాటిన జీతానికి వర్తించదు. పనికి వెళ్లని రోజు జీతం రాని ఉద్యోగం మీది, సంపాదించేది మీరొక్కరే. ఇలాంటి ఇంటికి కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే లక్షా రెండు వేలు, చేతిలో ఉండాలి. మీ దగ్గరున్నది రెండు నెలలకు కూడా చాలదు. ముందు మూడు నెలల మొత్తం, 51 వేలు, లక్ష్యంగా పెట్టుకోండి. అది నిండేదాకా కోర్సు, కలెక్షన్, ఇంకేదైనా సరే ఆగాల్సిందే. ఇప్పుడున్న 31 వేలను ఏటీఎం కార్డు లేని వేరే ఖాతాలోకి మార్చేయండి. ఫండ్లు, షేర్లు అంటూ దాన్ని కదిలించొద్దు.

పాత సిస్టమ్ విషయంలో మీ మనసు అర్థమైంది. పేజ్‌మేకర్ తెరిచి అను ఫాంట్స్‌లో పెళ్లి కార్డులు కంపోజ్ చేసిన తరం వాళ్లకు టీవీఎస్ గోల్డ్ టకటకలు వింటే చాలు, ఆ గదంతా గుర్తొస్తుంది. సరదా తప్పని నేననను. దానికి పెట్టుబడి అని పేరు పెట్టడం మాత్రం తప్పు. ఆ కాలం మదర్‌బోర్డుల మీద కెపాసిటర్లు పైన ఉబ్బి, గోధుమ రంగు కారి ఉండటం మీరు ఎన్నింటిలో చూసి ఉంటారు? సీఆర్‌టీ ఒక్కసారి పోతే బాగుచేసే మనిషి దొరకడమే కష్టం. వూడూ కార్డులు తయారుచేసిన త్రీడీఎఫ్ఎక్స్ కంపెనీ 2000 డిసెంబరులోనే తన ఆస్తులను ఎన్‌విడియాకు అమ్ముకుంది. విడిభాగాలు ఎవరిస్తారు? నెట్‌లో అమ్మకందారు పెట్టిన రేటు రేటు కాదు, కొనేవాడు చేతిలో పెట్టిందే రేటు. కీబోర్డు ఉంచుకోండి. మిగతావి అమ్మేయండి, నష్టానికైనా సరే. వచ్చిన ప్రతి రూపాయీ కార్డుకే.

మీ ఓనర్ మాట ఆయన కాలానికి నిజమే. 2011కు ముందు పాసైన వాళ్లకు ఎ ప్లస్ జీవితాంతం చెల్లుతుంది. ఇప్పుడు మూడేళ్లే. అదీ రెండు పరీక్షలు రాయాలి, రెండు ఫీజులు కట్టాలి. అప్పట్లో అందరూ ఎగబడిన ఎంసీఎస్ఈ అనే తన సర్టిఫికెట్‌ను మైక్రోసాఫ్ట్ 2021 జనవరిలో ఎత్తేసింది. ఆరేళ్లుగా రిపేర్లు చేసి చేయి తిరిగిన టెక్నీషియన్‌కు ఎ ప్లస్ కాగితం కొత్తగా తెచ్చిపెట్టేది తక్కువని నా అభిప్రాయం. నెట్‌వర్కింగ్‌లోకి మారాలంటే సీసీఎన్‌ఏ ఒక్కటి పెట్టుకోండి, చాలు. అదీ మూడేళ్లే చెల్లుతుంది కాబట్టి తొందరపడి పాసై ఖాళీగా కూర్చుంటే లాభం లేదు. ఫీజు 300 డాలర్లు, పన్నుతో కలిపి 30 వేలు దాటుతుంది. ప్రాక్టీసుకు సిస్కో కంపెనీ సాఫ్ట్‌వేర్ ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. పాఠాలు యూట్యూబ్‌లో కావలసినన్ని.

పాత సామాను అమ్మితే 15 వేలు వచ్చాయనుకుందాం. కార్డు బాకీ 23 వేలకు దిగుతుంది. కార్డును ఇంట్లో పెట్టేసి నెలకు 7 వేల చొప్పున కడితే నాలుగు నెలల్లో తీరిపోతుంది. తర్వాత మూడు నెలలు అదే 7 వేలు ఆ 31 వేలున్న అత్యవసర నిధిలో వేస్తే 52 వేలు చేతిలో ఉంటాయి. ఆ పైన అయిదు నెలలు పక్కన పెడితే పరీక్ష ఫీజు సిద్ధం. మొత్తం ఏడాది. ఆ ఏడాదంతా రాత్రిపూట చదువుకోవడానికి ఎవరి అప్పూ అక్కర్లేదు. పరీక్ష రాసిన మర్నాటి నుంచి నిధిని మళ్లీ ఆరు నెలలకు పెంచండి.

అమ్మగారి ఆరోగ్యానికి, రేషన్ కార్డు ఏ రాష్ట్రంలో ఉందో చూసి అక్కడి ప్రభుత్వ పథకంలో పేరుందో లేదో ఈ వారమే కనుక్కోండి. లేకపోతే కార్డు బాకీ తీరగానే ఆరోగ్య బీమా తీసుకోండి. వ్యక్తిగత పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు.

ఒకవేళ ఈ జవాబు చదివేలోపే ఈఎంఐకి సంతకం పెట్టేసి ఉంటే లోన్ కాగితాల్లో ముఖ్యమైన షరతులన్నీ ఒకచోట రాసి ఉండే 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' వెతకండి. యాప్‌లో తీసుకున్న లోన్ అయితే, జరిమానా లేకుండా వెనక్కి ఇచ్చేసే గడువు ఎన్నాళ్లో అందులో ఉంటుంది. ఆ గడువు దాటకముందే ఫైనాన్స్ కంపెనీకి రాతపూర్వకంగా రద్దు కోరండి, ఇన్‌స్టిట్యూట్ నుంచి డబ్బు వెనక్కి రప్పించండి. కౌన్సెలర్‌కు ఫోన్‌లో చెబితే సరిపోదు, మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి.