టెక్ సందేహాలు: పాత వర్క్‌స్టేషన్‌కు కొత్త తాళాలు

ప్రశ్న: ఒక ఇంజినీరింగ్ కళాశాల పాత సామాను వేలంలో సన్ సంస్థ తయారు చేసిన స్పార్క్‌స్టేషన్ 5 కంప్యూటర్ కొన్నాను. ఆన్ చేస్తే ఐడీప్రామ్ (యంత్రం గుర్తింపు వివరాలు ఉండే చోటు) సమాచారం చెల్లదని సందేశం వస్తోంది. ఇందులో ఉచిత యూనిక్స్ తరహా సిస్టమ్ వేసుకుని, ఊళ్లో లేనప్పుడు కూడా లాగిన్ కావాలని ఉంది. కుదురుతుందా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: ఈ యంత్రాల గురించి వచ్చే ఉత్తరాల్లో చాలావరకు జబ్బు ఇదే. 1994 నాటి ఈ వర్క్‌స్టేషన్‌లో గడియారాన్ని, నెట్‌వర్క్‌లో యంత్రాన్ని గుర్తుపట్టే ఈథర్నెట్ చిరునామాను కాపాడే ఎన్‌వీరామ్ అనే జ్ఞాపక చిప్పులోనే లిథియం బ్యాటరీని పెట్టి సీలు వేశారు. అది అయిపోగానే చిరునామా కూడా చెరిగిపోతుంది. కొత్త చిప్పు కొనవచ్చు, కాకపోతే పైపూతను గీకి 3 వోల్టుల బటన్ సెల్ హోల్డర్‌ను టంకం వేయవచ్చు. ఆ తరువాత ఓకే ప్రాంప్ట్ (సిస్టమ్ మొదలవకముందే ఆదేశాలు టైపు చేసే చోటు) దగ్గర ఎంకేపీ (mkp) ఆదేశంతో చిరునామాను తిరిగి రాయాలి, మిగతా అంకెలు సరైనవేనని తేల్చే చివరి చెక్‌సమ్ బైటు తప్పితే యంత్రం దాన్ని నమ్మదు. ఏనాటికైనా అయిపోతుందని తెలిసిన బ్యాటరీని ఊడదీయడానికి వీల్లేకుండా అతికించే ఈ దురలవాటు ముప్పయ్యేళ్ల తరువాత కూడా మన చెవుల్లో పెట్టుకునే ఇయర్‌బడ్స్‌లో కొనసాగుతోంది.

ఈ 32 బిట్ల స్పార్క్ ప్రాసెసర్ యంత్రాలకు ఓపెన్‌బీఎస్‌డీ అనే ఉచిత యూనిక్స్ తరహా సిస్టమ్ 2016లో వచ్చిన 5.9 వెర్షన్‌తోనే వీడ్కోలు పలికింది కనుక మీకు అదే కోవకు చెందిన నెట్‌బీఎస్‌డీయే తగినది. మీ సీడీ డ్రైవ్ ఈ యంత్రం కోరే 512 బైట్ల బ్లాకులను (డేటా ముక్కలను) చదవలేకపోతే మరో కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ ద్వారా బూట్ చేయండి. కీబోర్డు లేకపోతే మరో కంప్యూటర్‌కు 9600 బాడ్ వేగంతో కలిపే సీరియల్ కేబుల్ చాలు.

నన్ను కలవరపెడుతున్నది ఊళ్లో లేనప్పుడు లాగిన్ కావాలన్న మీ కోరిక. కళాశాల వాడిన పాత సిస్టమ్‌తోనే దీన్ని నెట్‌కు కలపకండి. అందులో టెల్‌నెట్ (పాస్‌వర్డును కూడా దాచకుండా పంపే పాత లాగిన్ పద్ధతి) వంటి సేవలు తెరిచి ఉండవచ్చు, ఆ డిస్కులో ఎవరెవరివో పాస్‌వర్డ్ హాష్‌లు (పాస్‌వర్డుల గుప్త రూపాలు), ఉత్తరాలు కూడా ఉండవచ్చు. వాటిని తెరిచి చూడకుండా డిస్కు మొత్తాన్ని సున్నాలతో నింపడం మీ బాధ్యత. ఇక దూరం నుంచి భద్రంగా లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ పద్ధతికి కావలసిన కీలు (డిజిటల్ తాళంచెవులు) ఎవరూ ఊహించలేని యాదృచ్ఛిక సంఖ్యల నుంచే తయారవ్వాలి. ఈ యంత్రంలో అలాంటి సంఖ్యలు పుట్టించే హార్డ్‌వేర్ లేదు కాబట్టి, నెట్‌బీఎస్‌డీ 10 ఇన్‌స్టాలర్ ఆ లోటును మీకు చెప్పి విత్తనం (మొదలుపెట్టడానికి కావలసిన యాదృచ్ఛిక అంకెలు) అడుగుతుంది, చాలామంది విసుగుతో ఆ మెట్టును దాటవేస్తారు. 2012లో ఇంటర్నెట్‌లోని కీలను సేకరించి పరిశీలించిన పరిశోధకులకు, మొదటిసారి ఆన్ అయినప్పుడే తగినంత యాదృచ్ఛికత లేక బలహీనమైన కీలు తయారు చేసుకున్న చిన్న పరికరాలు వేల సంఖ్యలో దొరికాయి. మీకు కావలసినది 256 బిట్లు. వైకుంఠపాళి పాచికను 100 సార్లు వేసి వచ్చిన అంకెలను వరుసగా టైపు చేసినా సరిపోతుంది.

ఇన్ని చేసినా, నూరు మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల పరుగెత్తే ప్రాసెసర్ మీద ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ నత్తనడక నడుస్తుంది. అది భరించలేక టెల్‌నెట్ తెరిచేవారు, పాత బలహీన గుప్తీకరణ పద్ధతులను మళ్లీ అనుమతించేవారు నాకు ఉత్తరాలు రాయనక్కరలేదు. మీ రౌటర్‌లో ఈ యంత్రం వైపు ఏ పోర్టూ (బయటి నుంచి లోపలికి వచ్చే దారి) తెరవకండి. ఊళ్లో లేనప్పుడు ముందు ఇంట్లోని కొత్త కంప్యూటర్‌లోకి లాగిన్ అయి, అక్కడి నుంచి స్పార్క్‌స్టేషన్‌లోకి వెళ్లండి.