ఆవగింజంత నిమ్మకాయ

పోయిన నెల ఈ శీర్షికలో, కారు మోడల్ కిట్టులో రాని భాగాలు ఇంట్లో దొరికే వాటితోనే చేసుకోవచ్చని ఒక్క వాక్యం రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాలు చదవడానికే రెండు ఆదివారాలు పట్టాయి. తెనాలిలో ముప్పై ఒక్క ఏళ్ళు వాచీలు బాగుచేసినవాణ్ణి. ఫోన్లు వచ్చాక వాచీలు తగ్గాయి, నా బల్ల మీద చిన్న కార్లు పెరిగాయి. నాకు చేతనైనంత చెబుతాను.

ప్రశ్న: మా తాతయ్య అంబాసిడర్ టాక్సీ నడిపేవారు. ఆయన పుట్టినరోజుకి ఆ బండిని చిన్నగా చేసి ఇవ్వాలని ఉంది. కిట్టు దొరకలేదు, బజార్లో ప్లాస్టిక్ బొమ్మ కొన్నాను. లోపలంతా డొల్ల. ఏ స్కేలో డబ్బా మీద రాయలేదు. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి కొలిస్తే 77 మి.మీ. వచ్చింది. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఇంజనీరింగ్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: కొలవడంతో మొదలుపెట్టావు కాబట్టి సగం పని అయిపోయింది తల్లీ. అసలు అంబాసిడర్‌కి ఆ దూరం 2464 మి.మీ. దాన్ని 77తో భాగిస్తే సరిగ్గా 32. నీ బొమ్మ 1:32 అన్నమాట, అంటే అసలు బండిలో ముప్పైరెండో వంతు. ఇక నుంచి నీకు ఒకటే ఎక్కం, ముప్పైరెండో ఎక్కం. ఏ ముక్క అంటించే ముందైనా దాని మందాన్ని 32తో గుణించి చూడు. ఒక మిల్లీమీటరు అట్ట తలుపుకి లోపల అంటించావనుకో, అది అసలు బండిలో 32 మి.మీ. చెక్క బిగించినట్టు. మన చేతిపని బొమ్మలా కనబడేది పొడవు వెడల్పుల్లో తేడా వల్ల కాదు, ఈ మందం వల్లే.

ఇప్పుడు తాతయ్య పక్కన కూర్చుని నాలుగు సంగతులు రాబట్టు. గేరు స్టీరింగు కింద ఉండేదా, నేల మీదా? పాత బళ్ళకు స్టీరింగు దగ్గరే ఉండేది, ఇసుజు ఇంజను వచ్చిన బళ్ళకు నేల మీదకి దిగింది. ముందు సీటు ఒకటే బెంచీయా? పైన క్యారియర్ ఉండేదా? అద్దానికి ఏం వేలాడేది? ఇవి ఏ ఫొటోలోనూ దొరకవు.

సీటుకి ఎం-సీల్ వాడు. రెండు ముద్దలూ కలిపి, బొమ్మ లోపలి వెడల్పుకి బెంచీలా ఒత్తి, గట్టిపడక ముందే బ్లేడు వీపుతో గీతలు గీస్తే రెగ్జిన్ కుట్లలా ఉంటాయి. పెన్సిలు చెరిపే రబ్బరు మెత్తగా కోయడానికొస్తుంది కదా అని దాంతో సీటు చేయకు. చిన్నప్పుడు కంపాస్ బాక్సులో రబ్బరు స్కేలుకి అతుక్కుపోయి స్కేలు కరిగిపోయేది, గుర్తుందా? బొమ్మ లోపలా అదే జరుగుతుంది, కాకపోతే నెలలు పడుతుంది. తాతయ్య చేతికి ఇచ్చేశాక నీకు తెలుస్తుంది.

సీటు మీద తెల్ల తువ్వాలు వేస్తావు కదా? నిజం తువ్వాలు ముక్క కత్తిరించకు. ఆ నేతని 32తో గుణిస్తే చాపలా ఉంటుంది. టిష్యూ కాగితం పొరల్లో ఒక్క పొర విడదీసి, నీళ్ళు కలిపిన ఫెవికాల్‌తో తడిపి సీటు మీద పరిస్తే ముడతలతో సహా దిగుతుంది.

క్యారియర్‌కి చిన్న స్టాప్లర్ పిన్నులు. వాటి తీగ సుమారు అర మిల్లీమీటరు, అంటే అసలు బండి మీద 16 మి.మీ. ఊచ. సరిగ్గా కావలసింది అదే. కీళ్ళ దగ్గర ఫెవిక్విక్ చుక్క పెట్టి చిటికెడు వంటసోడా చల్లు, క్షణంలో రాయిలా బిగుస్తుంది. ఆపైన చిన్న ఆకురాయితో రుద్దుకోవచ్చు.

స్టీరింగు చక్రాన్ని కొలవడానికి అసలు బండి ఎక్కడైనా కనబడితే టేపు పెట్టు. ఆ బండ్ల తయారీ 2014లో ఆగిపోయింది గానీ బళ్ళు ఇంకా ఉన్నాయి. 40 సెం.మీ. వస్తే నీకు 12.5 మి.మీ. చక్రం కావాలి. ఆ లావు కన్నా కాస్త సన్నటి పెన్ను మూతకి రాగి తీగ ఒక చుట్టు చుట్టి తీస్తే అది కొంచెం విచ్చుకుని సరిపోతుంది. హెడ్‌లైటు ఏడు అంగుళాలు, అంటే నీకు ఐదున్నర మి.మీ. పైచిలుకు. వాచీ అద్దంలో తేదీ పెద్దగా కనబడడానికి అంటించే గుండ్రటి బొట్టు అద్దం ఒకటుంటుంది. మీ ఊళ్ళో ఏ వాచీల షాపులోనైనా ఐదున్నర సైజు అడుగు. వెనక వెండి కాగితం పెట్టి అమరిస్తే బుగ్గలా ఉబ్బి నిజం లైటులా మెరుస్తుంది. ఈ కిటుకు నాది, ఇంకెవరూ చెప్పగా వినలేదు. కొంచెం గర్వంగానే రాస్తున్నాను.

ఇక అద్దానికి నిమ్మకాయ, మిరపకాయలు. 4 సెం.మీ. నిమ్మకాయని 32తో భాగిస్తే 1.25 మి.మీ. మీ ఇంట్లో పోపులపెట్టె తెరిచి చిన్న ఆవగింజ ఏరుకో. పసుపు రంగు వేస్తే నిమ్మకాయ. మిరపకాయలకి రెండు మిల్లీమీటర్ల ఆకుపచ్చ దారం ముక్కలు. తాతయ్య మొదట చూసేది అదే.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాం. మా అమ్మాయీ నేనూ కలిసి 1:25 కిట్టు చేస్తున్నాం, 1969 షెవర్లే కమారో, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజను. ఇంజను బాగానే ఉంది గానీ స్పార్క్ ప్లగ్ వైర్లు లేవు. అమ్మాయి 'మరి కరెంటెలా వస్తుంది నాన్నా' అని అడిగింది. మీరు గతంలో 30 నంబర్ తీగ అన్నారు. అదే కొన్నాను, సన్నగా అనిపిస్తోంది.
— ఓ తండ్రి

జవాబు: తప్పు నాదేనండి. నేను చెప్పిన 30 నంబర్ మన మోటారు వైండింగ్ షాపుల లెక్క. అది 0.315 మి.మీ. మీ దేశంలో గేజి లెక్క వేరు, అక్కడ 30 అంటే 0.255 మాత్రమే. మీరు 28 అడగాలి, అది 0.321. అసలు ప్లగ్ వైరు 7, 8 మి.మీ. లావు ఉంటుంది, 25తో భాగించి చూసుకోండి. ఇంకో మాట. ఎనామిల్ పూత ఉన్న వట్టి తీగే తీసుకోండి. పైన ప్లాస్టిక్ తొడుగున్నది కొంటే తొడుగుతో కలిపి అర మిల్లీమీటరు దాటుతుంది, ఇంజను మీద నీళ్ళ పైపులు పడుకున్నట్టుంటుంది.

ఎనిమిది ప్లగ్గులకి ఎనిమిది, కాయిల్ నుంచి ఒకటి, మొత్తం తొమ్మిది తీగలు. కాయిల్ నుంచి వచ్చే కరెంటుని ప్లగ్గులకి పంచేది డిస్ట్రిబ్యూటర్. కిట్టులో ఇచ్చినదానికి తొమ్మిది బెజ్జాలు వేద్దామని కూర్చుంటే డ్రిల్లు బిట్లే విరుగుతాయి. దాని తల కోసేయండి. ఇంటి వైరింగుకి వాడే వైరు, మా దగ్గర ఒకటిన్నర చదరపు మి.మీ. అంటాం, దాని లోపలి రాగి లాగేస్తే సుమారు 3 మి.మీ. లావు గొట్టం మిగులుతుంది. 25తో గుణిస్తే 75 మి.మీ., డిస్ట్రిబ్యూటర్ మూతకి దగ్గర కొలతే. చిన్న ముక్క కోసి, తొమ్మిది తీగలూ కట్టగా అందులో దూర్చి ఒక్క చుక్క గమ్ము వేయండి. షెవర్లే వీ8కి అది ఇంజను వెనక వైపు, క్యాబిన్ గోడ పక్కన ఉంటుంది. చిన్న ఫోర్డ్ వీ8లకి ముందు వైపు. ఇది చూసుకోకుండా పెట్టినవాళ్ళని ఎగ్జిబిషన్లలో చూశాను.

ఏ తీగ ఎటు? సిలిండర్ల నంబర్లు డ్రైవరు వైపు (మీ దగ్గర ఎడమ వైపు) వరసలో ముందు నుంచి 1, 3, 5, 7. అటు వైపు 2, 4, 6, 8. మంట అంటుకునే వరస 1-8-4-3-6-5-7-2. కట్టలో ఆ వరస ఎవరికీ కనబడదు. కానీ అడిగింది మీ అమ్మాయి కదా, ఆవిడకి చెప్పండి.

ప్రశ్న: బాడీ మీద రంగు కొట్టగానే బీటలు వారి పుచ్చిన పన్నులా అయింది. ఎందుకు?
— నెల్లూరు

జవాబు: రంగులో ఏ థిన్నర్ కలిపారో రాయలేదు గానీ నాకు తెలుసు. నేనూ ఒకప్పుడు కార్లకి పెయింటు వేసే షెడ్డులో 'ఏం కాదు సార్' అంటే నమ్మి అక్కడి ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ రంగులకి వాడే) థిన్నరే కలిపాను. మూడు వారాల పని పది నిమిషాల్లో పోయింది. కిట్టు ప్లాస్టిక్ పాలీస్టైరీన్, ఆ థిన్నర్‌కి అది కరుగుతుంది. నీళ్ళలో కలిసే యాక్రిలిక్ రంగు పల్చగా నాలుగు పూతలు వేయండి. కిటికీ అద్దాల దగ్గర ఫెవిక్విక్ కూడా వద్దు, దాని ఆవిరికే అద్దం తెల్లగా మంచు పట్టినట్టవుతుంది. తెల్ల ఫెవికాల్ చాలు.

ప్రశ్న: ముక్కలు చేయడానికి ప్లాస్టిక్ రేకులు ఆన్‌లైన్లో చాలా ఖరీదు. వేరే దారి?
— వరంగల్

జవాబు: పాత సీడీ డబ్బాలు. డబ్బాలు, కప్పుల అడుగున త్రికోణంలో 6 ఉంటే దాచుకోండి, అది కిట్టు ప్లాస్టిక్కే (పాలీస్టైరీన్). 5 ఉంటే పారేయండి. ఐదుకి మామూలు గమ్ము ఏదీ పట్టదు.

ప్రశ్న: త్రీడీ ప్రింటర్లు వచ్చాక ఇంకా స్టాప్లర్ పిన్నులేమిటి సార్?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

జవాబు: ఒకేలాంటి చక్రాలు నాలుగు కావాలంటే నేనూ ప్రింటు చేయిస్తాను, మొండిపట్టు లేదు. కానీ ఎక్కం మాత్రం వదలకండి. ప్లాస్టిక్ దారం కరిగించే ప్రింటరు ఒక్కో పొర 0.2 మి.మీ. వేస్తే, 1:24 బండి మీద అది దాదాపు 5 మి.మీ. మెట్టు. రెసిన్ ప్రింటరుకి పొర 0.05 అయినా 1.2 మి.మీ. గాడి. రుద్దక తప్పదు. రుద్దడం నీటికాగితంతో, తడిపి, ముక్కుకి మాస్కు కట్టుకుని.

ప్రశ్న: మా వాడికి పద్నాలుగేళ్ళు. ఈ పిచ్చి పట్టుకుంది. బ్లేడ్లు, ఫెవిక్విక్ చూస్తే నాకు టెన్షన్. మాన్పించాలా?
— ఓ తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: మాన్పించకండమ్మా. బ్లేడు తన వైపు లాక్కోకుండా అవతలికి నెట్టి కోయడం నేర్పండి. ఫెవిక్విక్ ఒలికితే దూదితోనో నూలు గుడ్డతోనో తుడవనివ్వకండి. దూది తగిలితే అది ఒక్కసారిగా వేడెక్కి పొగ కూడా వస్తుంది, చెయ్యి కాలుతుంది. వేళ్ళు అతుక్కుంటే గోళ్ళరంగు తుడిచే ద్రవం రాస్తే విడిపోతాయి, అయితే ఆ సీసా వాడి కారుకి దూరంగా పెట్టండి, అది ప్లాస్టిక్కునీ కరిగిస్తుంది.

ఇంకొకటి. మా వాచీల వాళ్ళం ఒళ్ళో గుడ్డ పరుచుకుని దాని అంచు బల్లకి క్లిప్పు పెట్టేవాళ్ళం, జారిన స్క్రూ అందులో పడేది. మీ వాడికీ పాత దుప్పటి ముక్క ఒకటి ఇవ్వండి. ఇచ్చాక కూడా, వాడి గదిలో చీపురు పట్టే ముందు ఒకసారి అడగండి. పోయిన దసరాకి మా ఆవిడ ఊడ్చిపారేసిన చెత్తలో నా జీపు హారన్ ఉంది.