వేట సామగ్రి అంతా అమరిన తరువాత

చిరంజీవి శ్రీకాంత్‌కు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. రైఫిలు, దాని మీది స్కోపు, విల్లు, చెట్టుకు కట్టి ఎక్కి కూర్చునే ట్రీ స్టాండు, ఆకుల రంగు దుస్తులు, నీళ్లు చొరని బూట్లు, దూరం కొలిచే పరికరం, అడవిలో కట్టి వచ్చే ట్రైల్ కెమెరాలు అన్నీ సమకూరాయని, గ్యారేజీలో చోటు చాలక కారును బయట మంచులోనే ఉంచుతున్నావని, ఇంతా చేసి కిందటి సీజనులో అడవికి వెళ్లాలన్న ఉత్సాహమే రాలేదని రాశావు. ఇక చేపలు పట్టడమా, గోల్ఫా, డ్రోను ఎగరేయడమా అని నా సలహా అడిగావు. మూడింటి పక్కనా ధరలు కూడా వేసి పెట్టావు. ఆ ధరల పట్టిక చూసిన తరువాతే ఈ ఉత్తరం కొంత వివరంగా రాయాలనిపించింది.

ఇన్నేళ్లుగా నీకు నిజంగా ఆనందం ఇచ్చింది ఎంపిక. ఏ స్కోపు మంచిది, ఏ బూటు ఎంత చలికి ఆగుతుంది, ఏ విల్లు ఎంత బరువు లాగుతుంది అని రాత్రిళ్లు కూర్చుని చదవడం, పోల్చడం, బేరం కుదిరిన రోజున సంబరపడటం. అందులో తప్పేమీ లేదు. అదీ ఒక విద్యే. కాని కొనవలసినవి అయిపోగానే ఆ విద్యకు పని లేకుండా పోయింది. ఇప్పుడు గోల్ఫు మొదలుపెడితే కర్రల ఎంపిక ఒక రెండేళ్లు సాగుతుంది, ఆ తరువాత మళ్లీ ఇదే ఉత్తరం నాకు వస్తుంది. కాబట్టి కొత్త వ్యాపకానికి ఒకే ఒక్క షరతు పెడుతున్నాను. అది నీ గ్యారేజీలో ఉన్న వస్తువులతోనే మొదలు కావాలి, మొదటి ఏడాది దాని కోసం కొత్తగా ఏమీ కొనకూడదు. అలా చూస్తే నీకు సరిపోయేది పక్షులను చూడటమే అని నా అభిప్రాయం.

నవ్వకు. ఇది ముసలివాళ్ల కాలక్షేపం అనుకుంటావని నాకు తెలుసు. ఈ అమెరికా దేశంలో వేటకూ పక్షుల పరిశీలనకూ ఉన్న చుట్టరికం చాలా దగ్గరిది. పంతొమ్మిదో శతాబ్దం చివరలో ఇక్కడ క్రిస్మస్ నాడు మగవాళ్లు జట్లుగా విడిపోయి, ఏ జట్టు ఎక్కువ పిట్టలనూ జంతువులనూ కొడుతుందో చూసుకునే పోటీ ఒకటి ఉండేది. 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రవేత్త, కొట్టడం మాని లెక్కపెడదామని ప్రతిపాదించాడు. ఆ మొదటి ఏడాది లెక్కించినవాళ్లు 27 మంది. ఆ క్రిస్మస్ పక్షుల గణన ఈనాటికీ ప్రతి డిసెంబరు 14 నుంచి జనవరి 5 లోపల జరుగుతూనే ఉంది. మన పక్షి శాస్త్రవేత్త సలీం అలీ కూడా చిన్నతనంలో గాలి తుపాకీతో కొట్టిన ఒక పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ ఏమిటో తెలుసుకోవడానికే బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మెట్లెక్కాడు.

అంత దూరం ఎందుకు, నీకు హారిస్‌బర్గ్ నుంచి గంటన్నర ప్రయాణంలో ఉన్న హాక్ మౌంటెన్ కథ విను. శరదృతువులో ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే డేగలు, గద్దలు కిట్టటిన్నీ కొండ వరుస వెంబడి ఎగురుతాయి. గాలి కొండకు తగిలి పైకి లేస్తుంది కనుక, రెక్క ఆడించే శ్రమ లేకుండా ఆ గాలి మీదనే మైళ్లకు మైళ్లు జారిపోగలవు. ఆ సంగతి తెలిసిన జనం కొండ నెత్తిన కూర్చుని, కంటి ఎత్తున పోయే వాటిని వందల కొద్దీ కాల్చేవారు. 1929లో ఈ పెన్సిల్వేనియా రాష్ట్రం గాస్‌హాక్ అనే డేగను చంపితే ఒక్కొక్కదానికి 5 డాలర్ల బహుమానం కూడా ప్రకటించింది. 1932లో రిచర్డ్ పఫ్ అనే యువకుడు అక్కడ రాలిపడిన డేగలను వరుసలుగా పేర్చి ఫొటోలు తీశాడు. వాటిని చూసి కదిలిపోయిన రోజలీ ఎడ్జ్ అనే న్యూయార్క్ మహిళ 1934లో అక్కడి 1,400 ఎకరాలను లీజుకు తీసుకుని, మారిస్ బ్రౌన్ అనే వ్యక్తిని కాపలాకు పెట్టింది. ఆ శరత్తులోనే కాల్పులు ఆగాయి, లెక్కింపు మొదలైంది. ఏ బండల మీద కూర్చుని వాళ్లు కాల్చారో అవే బండల మీద ఇప్పుడు బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చుంటారు. చోటు అదే, ఓపిక అదే, గాలి దిశ చూసుకోవడమూ అదే.

అసలు పనికి వద్దాం. నీ సామగ్రిలో అన్నిటికంటే విలువైనది నువ్వు జాబితాలో చివర, దాదాపు మరిచిపోయినట్టు రాసిన ఆ 10x42 బైనాక్యులర్స్, అంటే పది రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. పక్షులకు 8x42 మేలని చాలామంది చెబుతారు; దృశ్యం విశాలంగా ఉంటుంది, చేతి వణుకు తక్కువగా కనిపిస్తుంది, తెల్లవారుజామున కంటికి చేరే వెలుతురు కూడా కొంచెం ఎక్కువే. ఆ మాట నిజమే అయినా ఆ వంకతో 8x42 కొనవద్దు. కొండ మీద దూరపు డేగలను చూడటానికి 10 రెట్లే నయం.

కాని దాన్ని నీ కంటికి అమర్చుకోవడం నేర్చుకోవాలి. నాకు తెలిసిన వేటగాళ్లలో సగం మందికి అది చేతకాదు. ముందుగా కళ్లద్దాలు పెట్టుకునేవాడివి కనుక కంటి దగ్గరి రబ్బరు గిన్నెలను లోపలికి తిప్పి దించు. తరువాత ఇరవై గజాల దూరంలో అక్షరాలున్న ఏదైనా బోర్డును చూస్తూ, కుడి కన్ను మూసి, ఎడమ కంటికి అక్షరాలు పదునుగా కనిపించేదాకా మధ్యలోని చక్రాన్ని తిప్పు. ఇప్పుడు ఎడమ కన్ను మూసి, మధ్య చక్రం జోలికి పోకుండా, కుడి కంటి గొట్టం మీది చిన్న వలయాన్ని మాత్రమే తిప్పి అవే అక్షరాలను సరిచేసుకో. ఆ వలయం ఏ గీత దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకో. అది నీ కళ్ల మధ్య ఉన్న తేడా, చూపు మారేదాకా మారదు. పిట్ట కనిపించినప్పుడు చూపును దాని మీదనే ఉంచి అద్దాలను కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి తప్ప, అద్దాలు పెట్టుకుని పిట్ట కోసం కొమ్మ కొమ్మా వెతకకూడదు. స్కోపుతో చూడవద్దని నీకు వేరే చెప్పనక్కరలేదు. రైఫిలు మీది స్కోపుతో దేనినైనా చూడటమంటే దాని మీద తుపాకీ గురిపెట్టడమే.

మొదటి నెల ఎక్కడికీ ప్రయాణం కట్టవద్దు. మీ పెరటిలో, ఒకే కుర్చీలో, వారానికి ఒకే ఉదయం, ఒక గంటసేపు కూర్చో. వచ్చే పది పన్నెండు రకాలను రెక్క చూసి, నడక చూసి, గొంతు విని గుర్తుపట్టగలిగితే అదే పెద్ద పునాది. కార్నెల్ పక్షి పరిశోధన సంస్థ వారి మెర్లిన్ అనే ఫోన్ యాప్ కూత విని పేరు చెబుతుంది, డబ్బు అక్కరలేదు. అయితే అది చెప్పిన పేరును పిట్టను కళ్లారా చూసేదాకా నోటుపుస్తకంలో ఎక్కించవద్దు. నీకు ఒక చిన్న పరీక్ష పెడుతున్నాను. మీ పెరటి చెట్టుకు వచ్చే నలుపు తెలుపు వడ్రంగిపిట్టల్లో డౌనీ, హెయిరీ అని రెండు జాతులున్నాయి. ఈకలు దాదాపు ఒకేలా ఉంటాయి. ముక్కు చూడు: డౌనీ ముక్కు పొట్టిది, తల పొడవులో సగం కూడా ఉండదు, హెయిరీ ముక్కు ఇంచుమించు తలంత పొడవుంటుంది. ఈ తేడాను ఎవరూ చెప్పకుండా నీ అంతట నువ్వు చెట్టు మీద పట్టుకున్న రోజున నాకు ఫోన్ చెయ్యి. దుకాణంలో బేరం కుదిరిన సంబరంతో దాన్ని పోల్చి చూసుకుని మరీ చెప్పాలి.

పిట్టల కోసం గింజల డబ్బా వేలాడదీయాలనిపిస్తుంది. చలికాలంలో పెట్టు కాని, ఏప్రిల్ వచ్చేసరికి దించెయ్యి. మన రాష్ట్రంలో ఎలుగుబంట్లు నిద్ర లేచే కాలం అది, పొద్దుతిరుగుడు గింజల వాసన వాటికి బాగా తెలుసు.

తక్కిన సామగ్రి సంగతి. ట్రైల్ కెమెరాలు బంగారం లాంటివి. మీ ఇంటి వెనుక వాగు దగ్గర, నడుము ఎత్తుకు కొంచెం తక్కువగా, సూర్యుడు ఎదురుకొట్టకుండా ఉత్తరం వైపు ముఖం పెట్టి ఒకటి కట్టు; రాత్రిపూట మీ పెరటిలో ఎవరు కాపురం చేస్తున్నారో తెలిసిపోతుంది. స్థలం నీది కాకపోతే యజమాని అనుమతి తీసుకోవాలి. నేల మీద వేసి లోపల దాక్కునే గుడారం, అదే గ్రౌండ్ బ్లైండు, ఫొటోలు తీసేవాళ్లు కొత్తగా డబ్బు పోసి కొనుక్కునే వస్తువు. నీ దగ్గర ఉండనే ఉంది. బూట్లు, ఉన్ని బట్టలు, వేడి కాఫీ సీసా వేరే చెప్పాలా? దూరం కొలిచే పరికరం మాత్రం అమ్మెయ్యి, పిట్ట ఎన్ని గజాల్లో ఉందో ఎవరికీ అక్కరలేదు. ట్రీ స్టాండు కూడా వదిలించుకోమంటాను. ఎండకూ వానకూ ఆరుబయట ఉండి దాని పట్టీలు పుచ్చిపోతాయి, వేటగాళ్లు తూటాల కంటే వాటి మీద నుంచి పడి దెబ్బలు తినేదే ఎక్కువని ఇక్కడ అందరికీ తెలుసు. రైఫిలు విషయంలో తొందర లేదు. తాళం వేసిన పెట్టెలో, తూటాలు వేరే చోట ఉంచు. అమ్మదలిస్తే లైసెన్సు ఉన్న దుకాణం ద్వారానే అమ్ము. వేట పూర్తిగా మానెయ్యమని నేను అనడం లేదు. నవంబరులో నీకు మళ్లీ మనసైతే వెళ్లు, ఏడాదంతా అడవిని చూసినవాడికి ఆ ఒక్క వారం వేట కూడా బాగా సాగుతుంది.

అంత డబ్బు వృథా అయిందని నీ భార్య అంటోందని కూడా రాశావు. ఆ అమ్మాయికి ఈ మాట చెప్పు. 1937 నాటి పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్లు, తూటాలు, విల్లుల తయారీదారుల మీద 11 శాతం పన్ను ఉంది; ఆ సొమ్ము రాష్ట్రాలకు వన్యప్రాణి సంరక్షణ కోసం చేరుతుంది. 1980 ప్రాంతంలో పెన్సిల్వేనియా మొత్తానికి మూడే గూళ్లు మిగిలిన తెల్లతల గద్ద బాల్డ్ ఈగిల్‌కు, కెనడా నుంచి పిల్లలను తెచ్చి పెంచిన తరువాత, ఇప్పుడు మూడు వందలకు పైగా గూళ్లున్నాయి. నీ ఇంటి ముందరి సస్కెహానా నది మీద ఎగిరేవాటిలో వాటి సంతానమూ ఉండి ఉంటుంది. నువ్వు కొన్న సామాను లెక్కలో కొంత అడవికే చేరిందన్నమాట. ఈ వాదన ఇంట్లో ఎంతవరకు నిలబడుతుందో నేను హామీ ఇవ్వలేను.

వేటగాడిగా వచ్చిన కొన్ని అలవాట్లు మాత్రం మానుకోవాలి. నేల మీద అందమైన ఈక కనిపిస్తే జ్ఞాపకంగా ఇంటికి తెచ్చుకోవద్దు. 1918 నాటి వలస పక్షుల చట్టం కింద ఇక్కడి చాలా పిట్టల ఈకలు, గూళ్లు దగ్గర ఉంచుకోవడం నేరం. టర్కీ కోడిని పిలిచే ఆ పీకను మే నెలలో సరదాకు కూడా ఊదవద్దు. అది వేట సీజను. నీ కూతను నిజమైన కోడి కూత అనుకుని ఎవరైనా తుపాకీతో నీ వైపే పాకుతూ రావచ్చు. అదే కారణంగా ఆ రోజుల్లో ఎరుపు, తెలుపు, నీలం బట్టలు వేసుకోకు, మగ టర్కీ తల రంగులు అవే. నవంబరు, డిసెంబరులలో పిట్టల కోసమే వెళ్లినా నీ నారింజ రంగు జాకెట్టు, టోపీ ఒంటి మీద ఉండవలసిందే. ఆకుల రంగు దుస్తులు ఆ రెండు నెలలూ పెట్టెలోనే ఉండనీ.

రెండో నెల నుంచి బయటికి వెళ్లు. ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో లాంకస్టర్ దగ్గరి మిడిల్ క్రీక్‌కు వెళితే వేల కొద్దీ తెల్లని స్నో గీస్ బాతులు చెరువు మీద నుంచి ఒక్కసారిగా లేస్తాయి. ఆ చోటును నడిపేది నీకు వేట లైసెన్సు ఇచ్చే గేమ్ కమిషనే. నవంబరులో మేరీలాండ్‌లోని కానవింగో ఆనకట్ట దిగువన ఈగిల్స్ చేపల కోసం గుమిగూడతాయి. కార్లైల్ దగ్గరి వాగనర్స్ గ్యాప్ నీకు ఇంకా దగ్గర, అక్కడ గోల్డెన్ ఈగిల్స్ బాగా కనిపిస్తాయి, కాని బండలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, పిల్లలతో వద్దు.

ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని జరుగుతుంది. 1998లో ఇక్కడ మొదలై 2013 నుంచి ప్రపంచమంతటా సాగుతోంది. పదిహేను నిమిషాలు ఒకచోట కూర్చుని చూసినవన్నీ లెక్కపెట్టి పంపితే చాలు. మీ నాన్న గుంటూరులో రిటైరై ఏమీ తోచక ఉన్నాడు కదా. ఊరికి దగ్గరలోనే ఉప్పలపాడు చెరువు ఉంది, ఆ నెలల్లో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల నిండా ఉంటాయి. వాడు ఆ గట్టు మీద కూర్చుని, నువ్వు మీ పెరటిలో కూర్చుని లెక్కపెట్టండి. ఆదివారం ఫోన్లలో బీపీ మందుల సంగతి తప్ప మీకు ఇంకో మాట దొరుకుతుంది.

సెప్టెంబరు మధ్యలో బ్రాడ్ వింగ్డ్ హాక్ అనే చిన్న డేగలు గుంపులు గుంపులుగా వస్తాయి. వాయవ్యపు గాలి వీచే శనివారం ఒకటి చూసి, ఆ రోజు ఉదయం హాక్ మౌంటెన్‌కు బయలుదేరి రా, నేను అల్లెన్‌టౌన్ నుంచి వస్తాను. వాహనాలు నిలిపే చోటు నుంచి ఆ బండలుండే నార్త్ లుకౌట్‌కు సుమారు ఒక మైలు నడక. రెక్కలు ఆంగ్లపు వి అక్షరంలా ఎత్తి, అటూ ఇటూ ఒరుగుతూ పోయేది టర్కీ వల్చర్ అనే రాబందు; పలకలా చాపి తొణక్కుండా పోయేది ఈగిల్; ఈ రెంటినీ వేరు చేయడం అక్కడ మొదటి గంటలో నేర్పిస్తాను. బండలు చల్లగా, గట్టిగా ఉంటాయి కనుక ట్రీ స్టాండు మీద వేసుకునే ఆ మెత్త తీసుకురా. పులిహోర మీ పెద్దమ్మ కట్టి ఇస్తానంది.

ఇట్లు,
నీ పెదనాన్న