ఫేర్వెల్ గురించి అడిగారు, నేను చివరి పరీక్ష రోజు గురించి చెప్తాను

విజయనగరం నుంచి ఒకావిడ ఇలా అడిగారు: "మా అమ్మాయి గురుకులంలో పది చదువుతోంది. వచ్చే నెల ఫేర్వెల్ అట. కొత్త చీర కావాలి, ఫ్రెండ్స్‌కి గిఫ్టులు కావాలి అంటోంది. పరీక్షల ముందు ఇదంతా అవసరమా? హాస్టల్లో చదివినవాళ్ళు చెప్పండి."

అవసరమేనండి. చీర కొనండి. కొనలేకపోతే మీ పట్టుచీరే ఇవ్వండి, లేదా మీ చెల్లెలి దగ్గర అడిగి తీసుకోండి. జాకెట్టు మాత్రం ఇప్పుడే కుట్టడానికి ఇచ్చేయండి. పెళ్ళిళ్ళ సీజన్‌లో టైలర్లు ఎవరి మాటా వినరు. అయిదారేళ్ళు యూనిఫామ్‌లో, నూనె రాసి రెండు జడలు వేసుకుని తిరిగిన పిల్లకి ఆ ఒక్క సాయంత్రం పెద్దదానిలా కనిపించాలని ఉంటుంది. అది తప్పు కాదు.

గిఫ్టుల విషయంలో అంత పట్టింపు వద్దు. పిల్లలు గిఫ్టులు దాచుకోరు, చీటీలు దాచుకుంటారు.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక ఆడపిల్లల గురుకులంలో అయిదు నుంచి పది దాకా చదివాను. 2010లో పది రాశాను. మాది ఉద్దానం, వజ్రపుకొత్తూరు వైపు. అమ్మ పలాసలో జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. నాన్న చెన్నైలో బిల్డింగు పని. దసరాకి, సంక్రాంతికి, వేసవి సెలవులకి తప్ప ఇంటి ముఖం చూసేవాళ్ళం కాదు. అందుకే ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

మా ఫేర్వెల్ ఫిబ్రవరి ఆఖర్లో జరిగింది. తొమ్మిదో తరగతి వాళ్ళు తలా పది రూపాయలు వేసుకుని రంగు కాగితాలు కొన్నారు. మెస్‌లో మైదా పిండి ఉడికించి, ఆ జిగురుతో రాత్రి పదకొండు దాకా గొలుసులు అంటించారు. సీతంపేట కొండల పిల్లలు నలుగురు వాళ్ళ సవర భాషలో పాట పాడారు. ఆ పాట మాకెవరికీ అర్థం కాకపోయినా మళ్ళీ మళ్ళీ పాడించుకున్నాం. రాత్రికి కోడికూర, పులిహోర, బూరెలు. ఇంతవరకూ బాగుంది.

ముఖ్య అతిథి రెండు గంటలకి రావాలి, నాలుగు దాటాక వచ్చారు. అప్పటిదాకా చిన్న పిల్లలు ఎండలో నేల మీదే కూర్చున్నారు. వచ్చాక ఆయన ఆడపిల్లలు చదువుకోవాలని ముప్పావుగంట చెప్పారు. చదువుకుంటున్న పిల్లలకే చెప్పారు! ఆయన తర్వాత ఇంకో ఇద్దరు. మా చేతికి మైకు వచ్చేసరికి చీకటి పడింది. ఒక్కొక్కరికి ఒక్క నిమిషం అన్నారు. మూడో అమ్మాయి మాట్లాడుతూ ఏడ్చింది, దాంతో అందరం ఏడ్చాం, ఈలోపు మెస్ బెల్లు కొట్టేశారు. తిన్నాక మామూలుగా స్టడీ అవర్. మర్నాడు పొద్దున్న ఫిజిక్స్ స్లిప్ టెస్ట్.

నా ఫిర్యాదు ఇదే. ఫిబ్రవరిలో వీడ్కోలు చెప్పినా ఏప్రిల్ దాకా ఎవరమూ కదలం. అవే మంచాలు, అవే కుళాయిలు. అంతా ఏడ్చేశాక, మర్నాడు అదే మనిషితో నీళ్ళ కోసం దెబ్బలాడాలి. తీరా నిజంగా వెళ్ళే రోజున సభ ఉండదు, పాట ఉండదు, టీచర్లు కూడా అందరూ ఉండరు. సగం మంది ఇన్విజిలేషన్ డ్యూటీలకి వేరే సెంటర్లకి వెళ్ళిపోయి ఉంటారు. గురుకులాలు మనకి పీవీ నరసింహారావు గారి హయాంలో 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలయ్యాయి. ఇన్నేళ్ళయినా, పిల్లలు వెళ్ళిపోయే రోజుకి ఒక పద్ధతి పెట్టాలని ఎవరికీ తోచలేదు. చివరి పరీక్ష అయిన రాత్రి పదో తరగతి పిల్లల్ని హాస్టల్లోనే ఉంచి, ఆ రాత్రే ఫేర్వెల్ చేసి, మర్నాడు పొద్దున్న ఇంటికి పంపితే ఏం పోతుంది? ఒక్క రాత్రి అన్నం, పప్పు. అంతేగా ఖర్చు?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మా హాస్టల్లో నీళ్ళ కుళాయిలు ఆరే. పొద్దున్న అయిదింటికి వస్తాయి. నాలుగున్నరకే బకెట్లు లైన్లో పెట్టేసి మళ్ళీ పడుకునేవాళ్ళం. మనిషి లేకపోయినా బకెట్ ఉంటే చోటు ఉన్నట్టే. కానీ చిన్న క్లాసుల పిల్లల బకెట్లని పెద్దవాళ్ళు వెనక్కి జరిపేసేవారు. వరసలో మూడోది కాస్తా పదమూడోది అయ్యేది. అందుకే పదో తరగతి అక్కలు వెళ్ళిపోతూ ఎవరి బకెట్ ఎవరికి ఇస్తారన్నది మాకు చాలా పెద్ద విషయం. బకెట్ మీద నెయిల్ పాలిష్‌తో పేరు రాసుకునేవాళ్ళం. పాత పేరు చెరిపేవాళ్ళం కాదు, దాని కింద కొత్త పేరు రాసేవాళ్ళం. రెండు మూడు పేర్లున్న బకెట్‌ని లైన్లోంచి ఎవరూ జరపరు.

నాకు ఆరో తరగతిలో వచ్చింది ఆకుపచ్చ బకెట్. దాని మీద అప్పటికే రెండు పేర్లు. మూడోది నాది. ఎనిమిదో తరగతిలో ఉండగా దాని అడుగు పగిలింది. వంట పిన్ని పొయ్యిలో అట్లకాడ ఎర్రగా కాల్చి, విరిగిన ఎర్ర మగ్గు ముక్క కరిగించి అతికేసింది. ప్లాస్టిక్ కమురు వాసన రెండు రోజులు పోలేదు. ఆకుపచ్చ బకెట్‌కి అడుగున అరచేయంత ఎర్రటి అతుకు. ఆ తర్వాత చుక్క నీరు కారలేదు.

ఆ బకెట్‌ని ఏడో తరగతి పిల్లకి ఇస్తానని మాటిచ్చాను. సీతంపేట వైపు పిల్ల. అయిదులో చేరినప్పుడు తెలుగు సరిగా రాదు, ఎవరు ఏమన్నా తలూపేది. దాని బకెట్‌ని రోజూ వెనక్కి తోసేసేవారు. నా బకెట్ పక్కన దానిది పెట్టించుకోవడం నేనే అలవాటు చేశాను. ఫేర్వెల్ రోజు అందరూ నాకు గ్రీటింగ్ కార్డులిస్తే, అది మాత్రం వచ్చి, "అక్కా, బకెట్ ఎప్పుడిస్తావు?" అని అడిగింది. చివరి పరీక్ష అయ్యాక, కుళాయిల దగ్గర, అందరి ముందూ నీ పేరు నేనే రాసి ఇస్తానన్నాను. అందరూ చూడాలి కదా మరి. చూడకపోతే మళ్ళీ జరిపేస్తారు.

అప్పట్లో పదికి పదకొండు పేపర్లు, 600 మార్కులు. చివరిది సోషల్ రెండో పేపరు. పన్నెండుకి అయిపోయింది. సెంటరు నుంచి హాస్టల్‌కి రోజూ లైన్లో నడిచొచ్చేవాళ్ళం. ఆ రోజు లైను లేదు. ఒకళ్ళ మీద ఒకళ్ళం ఇంకు చల్లుకుంటూ, తెల్ల చున్నీల మీద స్కెచ్ పెన్నులతో సంతకాలు పెట్టించుకుంటూ వచ్చాం. గేటు దగ్గర అప్పటికే ఆటోలు, అమ్మానాన్నలు. మా అమ్మ కూడా ఉంది. ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చింది. మా ఊరి బస్సు పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో అయిదున్నరకి. అది తప్పితే ఆటోనే, ట్రంకు పెట్టె ఉందంటే ఆటోకి రెట్టింపు ఇవ్వాలి. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఎక్కితే కాశీబుగ్గ 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది.

"ఏటే గుంటా, ఇంకా సర్దుకోలేదేటి? బస్సు ఎల్లిపోద్ది. బేగి రా."

పరుపు అప్పజెప్పాలి, కంచం గ్లాసు అప్పజెప్పాలి, లైబ్రరీ పుస్తకాలు ఇచ్చి నో డ్యూస్ మీద సంతకం పెట్టించుకోవాలి. సంతకం పెట్టాల్సిన మేడమ్ భోజనానికి వెళ్ళారు. అదంతా అయ్యేసరికి రెండు దాటింది. అప్పటికి కింది క్లాసుల వాళ్ళకి మధ్యాహ్నం యాన్యువల్ పరీక్ష మొదలైపోయింది. ఏడో తరగతి వాళ్ళంతా హాల్లో ఉన్నారు.

బకెట్ పట్టుకుని వరండాలో కిటికీ దగ్గర నిలబడ్డాను. మూడో వరసలో ఉంది. తల వంచి రాసుకుంటోంది. లోపలున్న టీచర్ నన్ను చూసి వెళ్ళమని చెయ్యి ఊపారు. ఆ చెయ్యి ఊపడానికి అది తలెత్తింది. నేను బకెట్ పైకెత్తి చూపించాను. అది లేవబోయింది, టీచర్ కూర్చోమన్నారు. గేటు దగ్గర నుంచి అమ్మ కేక.

డార్మెటరీకి పరిగెత్తి, దాని మంచం మీద కూర్చుని నా పేరు కింద దాని పేరు రాశాను. చెయ్యి వణికి చివరి అక్షరం అలుక్కుపోయింది. ఆరే దాకా ఆగే టైము లేదు. మంచం కోడుకి బకెట్ తగిలించి వచ్చేశాను.

బస్సులో ట్రంకు పెట్టె మీదే కూర్చున్నాను. ముందు సీటు రాడ్ మీద అమ్మ చెయ్యి, పక్కన నా చెయ్యి. జీడి పాలు తగిలి తగిలి అమ్మ వేళ్ళ చివర్లు నల్లగా మాడినట్టుండేవి. నా వేళ్ళకి ఎర్ర నెయిల్ పాలిష్. అమ్మ ఆ వేళ్ళు చూసి, "పరీచ్చకి రంగులేసుకుని ఎల్లావా?" అంది. నేనేమీ చెప్పలేదు, టెక్కలి దాకా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను.

అమ్మ తప్పేమీ లేదు. ఆ బస్సు తప్పితే ఏమవుతుందో నాకూ తెలుసు. ఆ పిల్లని మాత్రం మళ్ళీ చూడలేదు. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. ఆ ఉత్తరాలు అసలు దాని దాకా వెళ్ళాయో లేదో. సంతకాల చున్నీ ట్రంకు పెట్టెలోనే దాచుకున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా వజ్రపుకొత్తూరు దగ్గరే తీరం దాటింది. జీడి తోట, కొబ్బరి చెట్లు పోయిన రాత్రే మా ఇంటి రేకులూ లేచిపోయాయి. పెట్టెలోకి నీళ్ళు వెళ్ళాయి. చున్నీ తీసి చూస్తే సంతకాలన్నీ కలిసిపోయి ఒకే నీలం మరక. దాన్ని పారేయలేదు.

మా పెద్దమ్మ కొడుకు వెన్నెలవలస నవోదయలో చదివాడు. అక్కడ ఇంకో రకం. తొమ్మిదో తరగతిలో కొంతమందిని ఏడాది పాటు హిందీ రాష్ట్రంలోని నవోదయకి పంపిస్తారు, అక్కడి పిల్లలు ఇక్కడికి వస్తారు. ఏడాది అయ్యాక ఆ హిందీ పిల్లలు వెళ్ళిపోతుంటే స్టేషన్లో పెద్ద ఏడుపులట. వచ్చినప్పుడు సాంబారు ముట్టుకోని కుర్రాడు, వెళ్ళేటప్పుడు రైలు తలుపులోంచి "ఏటిరా, ఉత్తరం రాస్తావేటి?" అన్నాడని అన్నయ్య ఇప్పటికీ చెప్తాడు. అక్కడ కనీసం రైలు కదిలే దాకా అందరూ కలిసే ఉన్నారు. హాస్టల్ నుంచి అలా పంపాలని నా వాదన. ఒక్కొక్కరిని గేటు దగ్గర పేరు పెట్టి కేకేసి లాక్కుపోకూడదు.

ఇప్పుడు ఫోన్లున్నాయి, వాట్సాప్ గ్రూపులున్నాయి, విడిపోయినట్టే ఉండదు అంటారు. నేను ఒప్పుకోను. గ్రూపులో ఉండేది క్లాసువాళ్ళే. జూనియర్లు ఉండరు, వంట పిన్ని ఉండదు, రాత్రి జ్వరం వస్తే తలకి తడిగుడ్డ వేసిన ఆయమ్మ ఉండదు. వాళ్ళకి చెప్పాల్సినవి ఆ రోజే చెప్పాలి.

కాబట్టి అమ్మా, చీర కొనండి, ఫేర్వెల్‌కి పంపండి. కానీ చివరి పరీక్ష రోజున మాత్రం తిరుగు బస్సు టైము చూసుకుని వెళ్ళకండి. వీలైతే మర్నాడు పొద్దున్న తీసుకెళ్తామని ప్రిన్సిపల్‌ని ముందే అడగండి, అడిగితే చాలామంది కాదనరు. కుదరకపోతే సాయంత్రం చివరి బండికే టికెట్ అనుకోండి. నో డ్యూస్ కాగితం మీరు పట్టుకుని సంతకాల కోసం తిరగండి, పిల్లని తిప్పకండి. పెట్టె మీరే సర్ది బయట పెట్టించండి. తను ఎవరికో ఏదో ఇవ్వాలి, ఇంకాసేపు ఆగమంటే ఆగండి. ఆ ఎవరో పరీక్ష హాల్లో ఉంటే, పేపరు అయిపోయి బయటికి వచ్చేదాకా ఆగండి.