పెరట్లో తెర: గోడా, గుడ్డా?

ప్రశ్న: మా ఇంటి వెనక 30 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు ఖాళీ స్థలం ఉంది. పడమటి వైపు ఐదడుగుల ప్రహరీ. ప్రొజెక్టర్‌తో సినిమాలు చూసుకోవడానికి అక్కడ రెండు ఇనప స్తంభాలు పాతి, 120 అంగుళాల గుడ్డ తెర శాశ్వతంగా బిగించేద్దామని మా అబ్బాయి అంటున్నాడు. సరైనదేనా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: దిక్కు బాగా ఎంచుకున్నారు. తెర పడమట ఉండి తూర్పుకి చూస్తుంటే, పొద్దుగూకాక ఆకాశంలో మిగిలిన వెలుతురు దాని వీపు మీదే పడుతుంది. తూర్పు వైపు పెట్టుకున్నవాళ్లు బాగా చీకటి పడేదాకా ఆగాల్సిందే.

గుడ్డ మాత్రం వద్దు. 120 అంగుళాలంటే మూల నుంచి మూలకి కొలత. వెడల్పు 8 అడుగుల 9 అంగుళాలు, ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు, అంటే దాదాపు 4 చదరపు మీటర్లు. ఇంజనీర్లు గాలి లెక్కకి వాడే ఐఎస్ 875 ప్రమాణంలో విజయవాడకి సెకనుకు 50 మీటర్ల వేగం రాసి ఉంది. ఆ గాలి ఎదురుగా కొడితే మీ తెర మీద 600 కిలోల తోపు. తుపాను లేకపోయినా, వేసవి ఈదురుగాలి అందులో సగం వేగంతో వీచిందంటే 150 కిలోలు. రెండు మూడేళ్లు ఊగాక స్తంభం మొదట్లో వెల్డింగు వదులుతుంది. ఈలోగా గుడ్డ ఎండకి పసుపెక్కి ముడతలు పడుతుంది.

గోడ కట్టుకోండి. అలాగని పాత ప్రహరీ మీదే ఇటుక పేర్చి ఎత్తు పెంచొద్దు, దాని పునాది ఐదడుగుల గోడకే వేసింది. ప్రహరీని వదిలి విడిగా రెండు కాంక్రీటు స్తంభాలు, కిందా పైనా బీములు, మధ్యలో 6 అంగుళాల దిమ్మెలతో 11 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు చాలు. ఫుటింగు, కమ్మీల లెక్క మీ నేల చూసి ఇంజనీరు చెప్పాలి. నల్లమట్టి నేలల్లో ఇది మేస్త్రీ అంచనాకి వదిలే పని కాదు. బొమ్మ కింది అంచు నేల నుంచి 3 అడుగులు ఉంటే ముందు వరస తలలు అడ్డురావు.

అసలు తెర తయారయ్యేది రంగు పనిలో. గోడ సిమెంటు పూత నాలుగు వారాలు ఆరాక, బయటి గోడలకి వాడే పుట్టీ రెండు కోట్లు పెట్టి ఎమరీ పేపరుతో రుద్దించండి. రాత్రిపూట టార్చిలైటు గోడకి పక్కవాటుగా ఆనించి చూస్తే మిట్టపల్లాలన్నీ నీడలతో బయటపడతాయి. పగలు చూసి ‘బావుంది’ అనేసిన గోడ మీద కూడా. తర్వాత ప్రైమరు, ఆపైన తెల్లని మ్యాట్ ఎమల్షన్ రెండు కోట్లు రోలరుతో. మెరిసే రంగు వేస్తే బొమ్మ మధ్యలో వెలుగు మచ్చ కనిపిస్తుంది. చుట్టూ 4 అంగుళాల నల్ల మ్యాట్ పట్టీ గీయించండి. పైన 9 అంగుళాల సజ్జ, దాని అడుగు అంచున నీళ్లు కారిపోయే గాడి తప్పనిసరి. లేకపోతే ఒక్క వానాకాలానికే తెర మీద నల్ల చారలు దిగుతాయి.

ఇంకో మాట: మన సినిమాల్లో ఎక్కువ భాగం స్కోపులోనే, అంటే వెడల్పు బాగా ఎక్కువుండే బొమ్మ. ఈ తెర మీద వాటి ఎత్తు 3 అడుగుల 8 అంగుళాలే వస్తుంది. నిండుగా కనిపించేది క్రికెట్టే!

ప్రశ్న: మాదీ 120 అంగుళాల గోడ తెరే. పెరటి మధ్యలో స్తంభం వేసి, రేకు పెట్టెలో ప్రొజెక్టర్ ఏడాది పొడుగునా ఉంచొచ్చా? తెర నుంచి వసారాకి 17 అడుగులు. – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఉంచొద్దు. ఈ యంత్రాలకి చాలావరకు 40 డిగ్రీలే హద్దు. మే నెలలో రేకు పెట్టె సాయంత్రం ఏడింటికి కూడా అంతకన్నా వేడిగా ఉంటుంది. వానాకాలం తేమకి కటకం మీద బూజు పడుతుంది. వసారా దూలానికి ఊడదీసుకునే బ్రాకెట్ బిగించి, ఆట అయ్యాక యంత్రాన్ని లోపల పెట్టుకోండి.

దూరాన్ని తెర వెడల్పుతో భాగించండి: 17ని 8.7తో భాగిస్తే 1.95. కొనే మోడల్ త్రో రేషియోలో ఈ అంకె ఇమడాలి. 1.35 నుంచి 2.1 దాకా జూమ్ ఉన్నవి సరిపోతాయి. 1.2కి మించనివి కొన్నారంటే స్తంభం పాతక తప్పదు. వెలుతురు 3,000 లూమెన్లు చాలు, అది ఏఎన్ఎస్ఐ లేదా ఐఎస్ఓ ప్రమాణాల లెక్కలో ఉండాలి. చౌక యంత్రాల పెట్టె మీద వేసే ‘ఎల్‌ఈడీ లూమెన్లు’ నమ్మకండి. బొమ్మ వంకరపోతే కీస్టోన్ మీట నొక్కకుండా బ్రాకెట్ ఎత్తే మార్చండి. కీస్టోన్ వాడినకొద్దీ బొమ్మ స్పష్టత తగ్గుతుంది. ఏసీ గదిలోంచి తెచ్చిన వెంటనే స్విచ్చి వేయొద్దు. చల్లని కటకం మీద తేమ పడుతుంది, అరగంట ఆగండి.

ప్రశ్న: వైర్లు, స్పీకర్లు ఎలా? పక్కింటివాళ్లతో గొడవ రాకూడదు. – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఓటీటీ పెట్టెని ప్రొజెక్టర్ పక్కనే పెట్టేస్తే బొమ్మని మోసే పొడుగాటి హెచ్‌డీఎంఐ కేబుల్ బెడదే ఉండదు. ఇంట్లోంచి లాగక తప్పదంటే, 10 మీటర్లు దాటాక ఆప్టికల్ రకం తీసుకోండి, దానికి 2 అంగుళాల పైపు వేయండి. అంగుళం పైపు వంపులో ఆ ప్లగ్గు ఇరుక్కుంటుంది. కరెంటుకి 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల ఆర్మర్డ్ కేబుల్, రెండున్నర అడుగుల లోతు, ఇసుక పరుపు, పైన ఇటుక వరస. బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) లేకుండా పెరట్లో ఏ ప్లగ్గూ పెట్టొద్దు.

శబ్దం సంగతి: ఆరుబయట దూరం రెట్టింపయితే 6 డెసిబెళ్లు తగ్గుతుంది. తెర దగ్గర రెండు పెద్ద స్పీకర్లు పెడితే వెనక వరసకి వినిపించడానికి వాల్యూమ్ పెంచుతారు, అది గోడ దాటుతుంది. బదులుగా కుర్చీలకి ఐదారడుగుల్లో నాలుగు చిన్నవి, లోపలికి తిప్పి పెట్టండి. వైరు ద్వారానే కలపండి. బ్లూటూత్‌లో పెదవి ముందు, మాట వెనక. 2000 నాటి శబ్ద నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెళ్లే పరిమితి. రెండో ఆటకి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి.

ప్రశ్న: తొలకరిలో ఉసిళ్లు తెరని కమ్మేస్తున్నాయి. – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఆ రోజుల్లో ఆట గంట ఆలస్యంగా మొదలుపెట్టండి. అప్పటిదాకా వీధి గుమ్మం వైపు తెల్ల బల్బు వెలిగించి, కింద నీళ్ల పళ్లెం పెట్టండి. పెరట్లో పసుపు దీపాలే ఉంచండి. ప్రొజెక్టర్ గాలి రంధ్రానికి దోమతెర చుట్టొద్దు, గాలి ఆడక వేడెక్కి ఆగిపోతుంది. మర్నాడు ఫిల్టరు తీసి, దానికంటిన ఉసిళ్ల రెక్కలు దులపండి.