బ్లాగు మూసేయమంటారా?

ప్రశ్న: 2008 నుంచి గూగుల్ వాళ్ల బ్లాగర్‌లో బ్లాగు రాస్తున్నాను. ఒకప్పుడు టపా (పోస్టు) వేస్తే సాయంత్రానికల్లా వ్యాఖ్యలు వచ్చిపడేవి. తిట్టిపోసే అజ్ఞాతలు కూడా ఉండేవారనుకోండి. ఇప్పుడు తిట్టేవాళ్లు కూడా లేరు! మా అబ్బాయేమో ‘ఇంకా బ్లాగేంటమ్మా, రీల్స్ చెయ్యి’ అంటాడు. స్నేహితురాళ్లు ఫేస్‌బుక్‌లోనే రాయమంటారు. మూసేయనా? ఉంచేట్టయితే పాతబడిన టెంప్లేట్ (బ్లాగు రూపు) మార్చాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మూసేయకండమ్మా.

మీ రాతలు నచ్చక పాఠకులు వెళ్లిపోయారన్న దిగులు మీ ఉత్తరంలో కనిపిస్తోంది. వాళ్లలో చాలామందికి అసలు మీ దగ్గరికొచ్చే దారే పోయింది. పొద్దున్నే గూగుల్ రీడర్ తెరిచి, ఇష్టమైన బ్లాగుల్లో కొత్తగా ఏమొచ్చాయో ఒక్కచోటే చూసుకునే అలవాటు ఎందరికో ఉండేది. 2013 జూలై 1న గూగుల్ దాన్ని ఆపేసింది. బ్లాగర్‌లో ‘ఈమెయిల్‌లో పొందండి’ అని ఓ చిన్న డబ్బా పెట్టుకునేవాళ్లం, గుర్తుందా? అది ఫీడ్‌బర్నర్ అనే గూగుల్ సేవ మీద నడిచేది. 2021 జూలైలో ఆ ఈమెయిళ్లు పంపడమూ ఆగింది. మీ బ్లాగుకి ఆ డబ్బా ఉండి ఉంటే, అందులో పేరిచ్చినవాళ్లు మీరే రాయడం మానేశారనుకుంటూ ఉండొచ్చు. బ్లాగులో కొత్తగా వేసినవాటిని బయటికి అందించే ఆరెస్సెస్ (RSS) ఫీడు మాత్రం ఇప్పటికీ పనిచేస్తోంది. ఫీడ్లీ లాంటి ఫీడు చదివే యాప్‌లలో మీ బ్లాగు చిరునామా ఇస్తే కొత్త టపాలు వస్తాయి. పాతవాళ్లెవరైనా తగిలితే ఈ సంగతి చెవిన వేయండి.

ఇక ఇప్పుడొచ్చే పాఠకుల తీరు వేరు. వాళ్లు టపా వేసిన రోజున రారు, ఎప్పుడో అవసరం పడ్డప్పుడు వెతుక్కుంటూ వస్తారు. మా అమ్మకి కంట్లో శుక్లం తీయించినప్పుడు నా బ్లాగులో రోజువారీగా రాసిపెట్టాను. చుక్కల మందు ఏ పూట ఏది వేశామో, రాత్రిపూట కంటిమీద ప్లాస్టిక్ మూత అతికించడానికి ఆవిడ ఎంత గొడవ చేసిందో, కట్టు విప్పాక మొదట గోడ రంగు చూసి ‘ఇది తెలుపా!’ అని ఎలా ఆశ్చర్యపోయిందో. రాసినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. కొన్నేళ్లయ్యాక మొదలయ్యాయి వ్యాఖ్యలు. ‘రేపు మా నాన్నగారికి ఆపరేషన్, తలస్నానం ఎప్పుడు చేయించారు?’ అని ఒకరు. ‘మా అమ్మ కూడా మూత పీకేస్తోంది, మీరేం చేశారు?’ అని ఇంకొకరు. స్నానం సంగతి మీ డాక్టర్నే అడగమని రాశాను. రెండో ఆయనకి మాత్రం చాలా పెద్ద జవాబే ఇచ్చాను.

అందుకే పాత టపాల కింద వ్యాఖ్యలు మూసేయొద్దు. స్పామ్ బెడద ఉంటే, పాతవాటికి వచ్చే వ్యాఖ్యలు మీరు చూశాకే కనిపించేలా బ్లాగర్ సెట్టింగుల్లో పెట్టుకోవచ్చు.

ఈ వెతుక్కుంటూ వచ్చేవాళ్లు కూడా తగ్గుతున్నారన్నది నిజమే. ఏదడిగినా గూగుల్ పైనే ఏఐతో జవాబు చెప్పేస్తుంటే కింది లింకులు నొక్కే ఓపిక ఎవరికుంటుంది? ‘శుక్లం అంటే ఏమిటి’ లాంటి టపాలకి ఇక గిరాకీ లేదు, నన్నడిగితే వాటిని రాయడమే దండగ. మూత పీకేసే అమ్మ గురించి మాత్రం ఆ అమ్మ పక్కన కూర్చున్నవాళ్లే రాయాలి. మీరు చూసింది, మీకు జరిగింది రాయండి. తేదీ వేయండి.

ఫేస్‌బుక్‌లో పెట్టొద్దనను. ముందు బ్లాగులో మొత్తం రాసి, అక్కడ నాలుగు వాక్యాలూ లింకూ ఇవ్వండి. అక్కడే రాసేస్తే, మూడేళ్ల తర్వాత మీ పోస్టు మీకే దొరకదు. రీల్స్ అంటారా, సరదా ఉంటే చేయండి. అబ్బాయి ముచ్చట పడుతున్నాడు కదా.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. బ్లాగు మొత్తాన్నీ మీ కంప్యూటర్‌లోకి దించుకోండి. జనం సొంత రాతలు పెట్టుకున్న సైట్లు ఎన్నో పోయాయి: జియోసిటీస్ 2009లో, పోస్టరస్ 2013లో, టైప్‌ప్యాడ్ 2025 సెప్టెంబరు 30న మూతపడ్డాయి. గడువులోగా దించుకోనివాళ్ల రాతలు చాలావరకు పోయాయి. బ్లాగర్ సెట్టింగుల్లో ‘బ్యాకప్’ నొక్కితే టపాలూ వ్యాఖ్యలూ దించుకోవచ్చు. ఫొటోల్ని విడిగా దాచుకోండి. ఎప్పుడైనా వర్డ్‌ప్రెస్ అనే మరో బ్లాగు సేవకి మారినా ఇంతే. అక్కడ దించుకునే ఎక్స్‌పోర్ట్ ఫైల్లో బొమ్మల చిరునామాలే ఉంటాయి, బొమ్మలుండవు. వీలైతే సొంత డొమైన్ పేరు కొనుక్కోండి. రేపు ఇంకోచోటికి మారినా మీ చిరునామా మారదు.

టెంప్లేట్ సంగతి. మీ బ్లాగుని ఓసారి ఫోన్‌లో తెరవండి. అక్షరాలు చదవడానికి రెండు వేళ్లతో సాగదీయాల్సి వస్తే మార్చండి, లేకపోతే ఆ పాత రంగులే ఉండనివ్వండి. పక్కన గడియారం, తెరవగానే దానంతటదే మోగే పాట ఇంకా ఉంటే మాత్రం ఇవాళే తీసేయండి.